యంత్రం లోపల మన తోలు



వాడ చరిత్ర వరుసలో ఇది తొమ్మిదో భాగం. పోయినసారి వెట్టి గురించి రాస్తే, ఐటీఐ చదువుతున్న కోరుట్ల దిక్కు తమ్ముడొకడు ఇట్ల అడిగిండు: "అన్నా, మోట కాలం ముచ్చట సరే. ఇంజన్ వచ్చినంక ఇంకా కులమేంది? ఇంజన్‌కు మాల, మాదిగ, రెడ్డి, వెలమ అని తెలుస్తదా?"

తెలువది తమ్మీ. ఇంజన్‌కు కులం తెలువది. కానీ ఆ ఇంజన్ ఎవరి బావి మీద ఉన్నది, దాని హ్యాండిల్ ఎవరు తిప్పిండ్రు, ఖరాబైతే ఎవరి వాకిట్లకు వచ్చింది, బాగు చేసినోనికి పైసలు ఇచ్చిండ్రా గింజలు కొలిచిండ్రా, దాని లోపలున్న తోలు ముక్క ఎవరు చేసిండ్రు, ఇవన్నీ కులానికి బాగా తెలుసు. ఈ భాగమంతా నీ ప్రశ్నకు జవాబే.

చలికాలం నుంచి మొదలు పెడుత. ఎందుకంటే వానకాలం పంటకు ఆకాశం ఉంటది, చెరువు ఉంటది. యాసంగికి పాత రోజుల్లో బావే దిక్కు. నీళ్లు తోడే పనిముట్టు మీద భారమంతా కార్తీకం నుంచి శివరాత్రి దాకా పడేది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పుష్యమాసంలో తెల్లవారుజాము 10 డిగ్రీల దరిదాపులకు దిగుతది. యంత్రం సతాయించేది కూడా ఆ చలిలోనే. కాబట్టి దాని మీద ఎవరి చెయ్యి ఉన్నదో చలికాలంలోనే స్పష్టంగా కనబడ్తది.

1. మోట కూడా యంత్రమే

మన పాఠ్యపుస్తకాల్లో మోట బొమ్మ ఉంటది. రెండెద్దులు, ఒక రైతు, ఒక బావి. మోట చేసినోడు ఆ బొమ్మలో ఉండడు.

మోట అంటే పెద్ద తోలు సంచి. దాని కింద తోలుతోనే చేసిన తొండం. సంచికి ఒక లావు తాడు, తొండం మూతికి ఒక సన్న తాడు. ఎద్దులు బావి కాడి నుంచి వాలులోకి నడిస్తే మోట పైకొస్తది. వచ్చేటప్పుడు తొండం మూతి పైకే ఉంటది కాబట్టి నీళ్లు కారవు. అంచుకు రాంగనే సన్న తాడు తొండాన్ని ముందుకు గుంజుతది, మూతి కిందికి వంగుతది, నీళ్లు తొట్టిలో పడి కాలువలోకి పోతయి. మనిషి చెయ్యి తగలకుండా తనంతట తాను మూసుకొని, తనంతట తాను తెరుచుకునే ఏర్పాటు అది. ఇయ్యాల ఇంజనీరింగు కాలేజీల్లో దాన్నే వాల్వు అంటరు. మనోళ్లు దాన్ని తొండం అన్నరు.

ఆ తోలు ఎట్లా తయారయ్యేది? సచ్చిన పశువును ఊరవతలికి ఈడ్చుకొచ్చి, ఒలిచి, సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లందలో తంగేడు చెక్కతో రోజుల తరబడి ఊరబెట్టి, ఎండబెట్టి, ఆముదం పట్టిచ్చి, ఆరెతో పొడిచి తోలుదారంతో కుట్టేది. ఎంత సున్నం, ఎంత చెక్క, ఎన్నాళ్లు, ఎంత ఎండ, ఇవన్నీ కాగితం మీద లేని లెక్కలు. తప్పితే తోలు కుళ్లుతది, లేకుంటే పెళుసుబారి పగులుతది. రసాయన శాస్త్రం కదా ఇది? కానీ దానికి వాసన అనే పేరే పెట్టిండ్రు.

చలికాలంలో పని ఇంకా ఎక్కువ. రాత్రి మంచుకు, పొద్దటి పొడి గాలికి తోలు బిగుసుకపోతది. నానబెట్టకుండ ఎద్దులను కడితే కుట్లు తెగుతయి. యాసంగి నీళ్లకు తొందర. కాబట్టి తెగిన మోట పొద్దుగూకి వాడకొస్తే పొద్దుపొడిచే సరికి కుట్టియ్యాలె. మా తాతలకు చలికాలం అంటే మంట పక్కన కూసొని మోటలు కుట్టే కాలం. పని జాగ ఇంటి వాకిలే. ఊరి లోపల కొట్టం ఎవడిస్తడు? పచ్చి తోలు ఊరి సరిహద్దు దాటొద్దు. ఆ తోలు తోడిన నీళ్లు మాత్రం పటేల్ వరి మడికి, పెరటికి, వంటింటికి దాకా పోవచ్చు.

కూలి? మేర. పంట కోసినంక కల్లం కాడ ఇన్ని మానికలు. ఏడాదిలో మోట ఎన్నిసార్లు తెగినా, ఎన్ని రాత్రులు మేలుకున్నా మేర మారది. చెప్పులు కుట్టుడు, డప్పు కొట్టుడు, సచ్చిన గొడ్డును మోసుడు దాంట్లనే కలిసిపాయె. పనికి ధర లేదు, కులానికి గింజలున్నయి. ఈ తేడా గుర్తు పెట్టుకోండ్రి, మళ్లొస్త దీనికి.

2. చలికి మొండికేసే ఇంజన్

కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్ల కంపెనీ పుణెలో 1946లో మొదలైంది. ఇంగ్లండు లిస్టర్ ఇంజన్‌ను చూసి రాజ్‌కోట్‌లో చేసిన నకళ్లు కూడా దేశమంతా తిరిగినయి. తర్వాతి దశాబ్దాల్లో 5 హార్స్‌పవర్ ఇంజన్ మా దిక్కు బావుల మీదికి ఎక్కింది. ఇంజన్ ఒకటి, పంపు ఒకటి, రెండింటి నడుమ చదును పట్టా. ఊళ్లో మొదటి ఇంజన్ ఎవరి బావి మీద వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. కొన్నది పటేల్. నడిపింది జీతగాడు.

డీజిల్ ఇంజన్‌కు నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లో గాలిని పిస్టన్ గట్టిగా ఒత్తితే ఆ ఒత్తిడికే గాలి కొన్ని వందల డిగ్రీలు వేడెక్కుతది, ఆ వేడి గాలిలోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటది. కథంతా ఈ వేడి మీదనే ఉన్నది. చలికాలం పొద్దున ఇనుము సల్లగా ఉంటది. ఒత్తిన గాలిలో పుట్టిన వేడిని సిలిండర్ గోడలే గుంజుకుంటయి. ఇంకోదిక్కు మొబిలాయిల్ చిక్కబడి హ్యాండిల్ బరువెక్కుతది, కావలసినంత స్పీడు రాదు. స్పీడు రాకుంటే వేడి పుట్టది, వేడి పుట్టకుంటే ఇంజన్ లేవది.

అప్పుడు ఏం చేసేటోళ్లు? డీకంప్రెషన్ లివర్ ఎత్తి పెట్టి, లోపలి ఒత్తిడి వదిలేసి, హ్యాండిల్ జోరుగా తిప్పి, బరువైన చక్రం ఊపందుకోంగనే లివర్ దించాలె. అయినా లేవకుంటే చుట్టూ ఉన్న నీళ్ల అరలో కాగిన నీళ్లు పొయ్యాలె. మొబిలాయిల్‌ను డబ్బాలో వెచ్చబెట్టి పొయ్యాలె. సిలిండర్‌లోకి రెండు చుక్కల నూనె జారిస్తే అరిగిన రింగుల సందులు మూసుకొని ఒత్తిడి పెరుగుతది. అప్పటికీ లేవకుంటే గాలి పీల్చే మూతి దగ్గర గాసునూనెల తడిపిన గుడ్డ అంటుబెట్టి, వేడి గాలి లోపలికి పోయేటట్టు చెయ్యాలె.

ఇదంతా ఎవరు కనిపెట్టిండ్రు? కంపెనీ పుస్తకంలో కొంత ఉండొచ్చు. ఆ పుస్తకం చేతికొచ్చినా చదివే చదువు జీతగానికి ఎక్కడిది? తెల్లవారుజాము నాలుగు గంటలకు నెత్తికి గొంగడి కప్పుకొని, దవడలు టకటక కొట్టుకుంటుంటే, "ఇంజన్ లేవకపోతే పటేల్ లేస్తడు" అనే భయంతో ప్రయత్నించి ప్రయత్నించి నేర్చుకున్నదే ఎక్కువ. హ్యాండిల్ ఎదురు తన్ని మణికట్టు విరిగినోళ్లు, గూడ జారినోళ్లు ప్రతి వాడలో ఉండేటోళ్లు. జీతగాని చెయ్యి విరిగితే ఆ నాగాల రోజులు జీతంలో కోతే. ఇంజన్ ఖర్చు పటేల్ లెక్కలో ఉన్నది. చెయ్యి ఖర్చు ఏ లెక్కలోనూ లేదు.

3. పట్టా కుట్టబోయి ఇంజన్ నేర్చుకున్నరు

మాదిగోళ్లు ఇంజన్ దగ్గరికి మెకానిక్‌లుగా పోలేదు. తోలు పనోళ్లుగా పోయిండ్రు. ఇంజన్‌కు పంపుకు నడుమ ఉండే పట్టా తెగితే, జారితే ఎవర్ని పిలవాలె? తోలు పట్టా అయినా, కాన్వాసు పట్టా అయినా కొసలు కలిపి తోలుదారంతో కుట్టాలె. కుట్టు ఎత్తు పెరిగితే చక్రం మీద ఎగురుతది, పల్చబడితే తెగుతది. ఆరె, రంపె ఎవరి చేతిలో ఉన్నయో వాళ్లనే పిలిచిండ్రు.

మా బాపు కూడా అట్లనే పోయిండు. పట్టా కుట్టుకుంట కుట్టుకుంట, పక్కన పట్నం మెకానిక్ హెడ్ ఇప్పుతుంటే చూసిండు. పానాలు అందిచ్చిండు. తర్వాత కోరుట్లలో ఒక ఇంజన్ల షెడ్డులో రెండేండ్లు ఒట్టి అన్నానికి పని చేసిండు. నోజల్ చిమ్ముడు చూసి అది సక్కగున్నదో లేదో చెప్పేటోడు. చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పేటోడు. సంతకం చేసుడు మాత్రం చాలా ఏండ్ల తర్వాత నేర్చుకున్నడు.

ఊరికి తిరిగొచ్చి బస్టాండ్ కాడ చిన్న షెట్టర్ కిరాయికి అడిగితే ఎవరూ ఇయ్యలేదు. "పని చేస్తవు గని, రోజూ మీ వాళ్లంత వచ్చి కూసుంటరు" అన్నరు. అందుకని వర్క్‌షాపు మా ఇంటి వాకిట్లనే. చింతచెట్టు కొమ్మకు గొలుసు, కింద గోనెసంచులు, ఒక పక్క సిల్వర్ తట్టలో గాసునూనె. ఇంజన్ బండి మీద వాడకొచ్చేది. తెచ్చినోళ్లు వాకిట్ల నిలబడి మాట్లాడేది, మా ఇంట్ల మంచినీళ్లు మాత్రం ముట్టేది గాదు.

చలికాలం రాత్రి గాసునూనెల చెయ్యి పెట్టి సామాను కడిగితే ఎట్లుంటదో తెలుసా? సల్లటి గాసునూనె చేతిల ఉన్న వేడిని గుంజుకపోతది. కొంకర్లు పోతయి వేళ్లు. చర్మంలోని జిడ్డు పోయి పగుళ్లు పడ్తయి, ఆ పగుళ్లలకు మసి దిగుతది. సల్లటి పానా పట్టుకుంటే బొటనవేలు స్పర్శ పోతది, బోల్టు ఎంత బిగిసిందో తెలువది, ఎక్కువ బిగిస్తే మర పోతది. అందుకే బాపు మంట పక్కన ఒక సన్నపు ఇసుక కుండ పెట్టేటోడు. ఆ వెచ్చటి ఇసుకల బోల్టులు, వేళ్లు రెండూ పెట్టేటోడు. మా అవ్వ కందిలి పట్టుకొని నిలబడేది. రింగులు వరుసగా పెట్టుడు, వాల్వులకు గుర్తులు పెట్టుడు, ఏ బోల్టు ఏ రంధ్రానిదో యాది పెట్టుకునుడు ఆమె పని. మెకానిక్ పెండ్లాం అన్నరు గని ఆమెను మెకానిక్ అని ఎవరూ అనలేదు. ఈ చరిత్రలో ఆమె పేరు కూడా రాయాలె.

ఒకసారి పెద్ద పటేల్ ఇంజన్ వచ్చింది. నారుమడి ఎండుతున్నది, తెల్లారేసరికి కావాలె అన్నరు. రాత్రంతా కూసొని రింగులు మార్చిండు. పొద్దున బండెక్కిచ్చేటప్పుడు పటేల్ మనిషి అన్నడు: "కల్లం కాడికి రా, ఇంత ఎక్కువ కొలిపిస్త."

బాపు అన్న మాట నాకు ఇప్పటికీ ఒక చరిత్ర పాఠమే. "పటేలా, ఇది మోట గాదు. రింగులు కోరుట్లల పైసలు పెట్టి కొన్న. నాకు పైసలే ఇయ్యుండ్రి."

చిన్న మాటే. కానీ ఆ మాటతోటి మేర పోయి కూలి వచ్చింది. కులానికి కొలిచే గింజల కాడి నుంచి పనికి కట్టే ధర కాడికి ఒక మనిషి నడిచిండు. ఆ రోజు పైసలు పూర్తిగా రాలేదు. సగమే వచ్చినయి. అయినా గింజలు మాత్రం రాలేదు.

4. ఆ మాట అనే ధైర్యం ఎక్కడిది?

అది ఒక్క మా బాపు ధైర్యం కాదు. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో వేల మంది రైతుకూలీలు నడిచిండ్రు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటం. వెట్టి బంద్ కావాలె, జీతగాళ్ల జీతాలు పెరగాలె, దొరలు ఆక్రమించిన బంజరు భూములు ఇడువాలె అని అడిగిండ్రు. అదే ఏడాది అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిండ్రు. కూలి అడిగినందుకు వచ్చిన బిరుదు అది.

ఆ ఉద్యమ చరిత్రను చాలా మంది భూమి, పార్టీ, పోలీసు కోణంల రాసిండ్రు. రాయాల్సిందే. నేను ఇంకొక కోణం కలుపుత. జీతగాడు పని బంద్ పెడితే బావి మీద ఇంజన్ కూడా బంద్. హ్యాండిల్ తిప్పే ఒడుపు పటేల్‌కు రాదు, పట్టా కుట్టుడు పటేల్ కొడుకుకు రాదు. యంత్రం యజమానిది, యంత్రాన్ని లేపే ఒడుపు మాత్రం వాడది. సమ్మె బలం ఆ ఒడుపులనే ఉన్నది. వెట్టి మోసేటోని చేతికి పానా వచ్చినంక వెట్టి ఎక్కువ కాలం నిలువలేకపోయింది.

5. బావి ముట్టొద్దు, ఫుట్‌వాల్వు ముట్టాలె

1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు బాబాసాహెబ్ దోసిట్ల పట్టుకొని తాగిండు. యాభై అరవై ఏండ్ల తర్వాత కూడా మా దిక్కు ఊరి బావుల మీద మనం చేద వేయగూడదు, ఎవరన్నా పోస్తే దోసిలి పట్టాలె.

కానీ పంపు నీళ్లు ఎత్తకపోతే? పైపు అడుగున బావిలో మునిగి ఉండే ఫుట్‌వాల్వు చూడాలె. అది నీళ్లను పైకి పోనిస్తది, కిందికి రానియ్యది. పాత ఫుట్‌వాల్వుల్లో ఆ మూత మీద తోలు బిళ్ల ఉండేది. అరిగితే నీళ్లు జారిపోతయి, పంపు గాలి పీలుస్తది. ఆ తోలు బిళ్ల మార్చాలంటే బావిలోకి దిగాలె. దిగిందెవరు? మనోళ్లే. చలికాలం బావి నీళ్లు బయటి గాలికన్నా వెచ్చగ ఉంటయి, మునిగినప్పుడు పానం హాయిగుంటది, పైకి వచ్చినప్పుడే సలి కోస్తది. నిలువునా బావిలో మునిగి, పశువు తోలుతో చేసిన బిళ్ల అమర్చి పైకొచ్చిన మనిషి, అదే గట్టు మీద అవే నీళ్ల కోసం దోసిలి పట్టిండు. ఒక్క పుట్టుకలో ఇన్ని అబద్ధాలు మోసిన మతం ఇంకోటి ఉన్నదా?

బోరింగు ముచ్చట కూడా వినుండ్రి. 1970లలో యూనిసెఫ్ సాయంతో మన దేశంలో తయారైన ఇండియా మార్క్ టూ చేతిపంపు ఊరూరికి వచ్చింది. దానికి ముందు రూపం షోలాపూర్ దిక్కు తయారైన పంపు. దాని సిలిండర్ లోపల నీళ్లను ఎత్తేవి తోలుతో చేసిన గిన్నె వాషర్లు. తర్వాత నైట్రైల్ రబ్బరు వచ్చింది గని మొదట్ల తోలే. అంటే బ్రాహ్మణవాడల, కోమటి బజార్ల, గుడి ముందర ఉన్న బోరింగులల కూడా ప్రతి చుక్కా తోలు మీది నుంచే పైకి వచ్చింది. ఎవరికీ మైల అంటలేదు. ఎందుకంటే తోలు కనబడలేదు. అంటరానితనం తోలుది కాదని ఇంతకన్నా రుజువు ఏం కావాలె? తోలు లోపలికి పోయింది. తోలు చేసినోడే బయట ఉండిపోయిండు.

6. సిరిసిల్ల సాంచాలు, బొంబాయి నాడెలు

ఇప్పుడు సిరిసిల్లకు పోదాం. ఇక్కడ యంత్రం ఇంట్లకే వచ్చింది. పద్మశాలీలు బతుకుదెరువుకు భివండి, షోలాపూర్, సూరత్ పోయిండ్రు. మరమగ్గం పని నేర్చుకున్నరు. సిరిసిల్లలో ఇండ్ల లోపల, ఇండ్లకు ఆనుకొని రేకుల షెడ్లల్ల సాంచాలు పడ్డయి. ఆసామి ఉంటడు, కార్మికుడు ఉంటడు, పైన సేటు ఉంటడు. పన్నెండు గంటల పని, మీటర్ల లెక్క కూలి. రాత్రి పగలు ఒక్కటే చప్పుడు.

చలికాలం అక్కడ ఇంకో తీరు సతాయిస్తది. పొడి గాలికి నూలు పెళుసై తెగుతది. పాలిస్టర్ దారం ఒకదానికొకటి అతుక్కుంటది. రాత్రి కరెంటు పోయి సాంచ ఆగితే బేరింగులల నూనె చిక్కబడి పొద్దున బరువుగ తిరుగుతది. పోగు తెగిన ప్రతిసారి సాంచ ఆపి అతకాలె. ఆగినంతసేపు మీటరు పెరగది. చలి కూడా కూలిల నుంచే కోసుకుంటది. 1990ల చివరి నుంచి నేత కార్మికుల ఆత్మహత్యలతోటి సిరిసిల్ల పేరు దేశమంతా తెలిసింది. వాళ్ల దుఃఖం మన దుఃఖమే. ఈ మాట ముందే చెప్పి మిగతాది చెప్తున్న.

సాంచలో నాడె అటు ఇటు నిమిషానికి వందసార్లకు పైన పరుగెత్తుతది. దాన్ని కొట్టే కర్ర కొసన పికర్ అని ఒక గుండు ముక్క ఉంటది. పాత సాంచాలకు అది బర్రె తోలుతో చేసేది. పచ్చి తోలును మడిచి ఒత్తి, నెలల తరబడి నూనెల ఊరబెట్టి తయారు చేసేది. దెబ్బకు పగలొద్దు, నాడె మొనకు తొర్ర పడొద్దు. దెబ్బను ఓర్చుకునే పట్టీలు కూడా తోలువే. ఎన్ని వేల దెబ్బలు తిన్నా ఆ తోలు చప్పుడు చెయ్యది. చప్పుడంతా నాడెదే.

ఇప్పుడు బొంబాయి మిల్లుల ముచ్చట. ఆ మిల్లులల్ల నేత విభాగంలో కూలి ఎక్కువ. అక్కడికి అంటరానోళ్లను రానియ్యలేదు, తక్కువ కూలి ఉన్న వడికే విభాగాల్లనే పెట్టిండ్రు. కారణం? నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు దారపు కొసను నాడె కన్నంలో నుంచి నోటితో పీల్చి బయటికి తియ్యాలె. దళితుడు నోరు పెట్టిన నాడెకు తాము ఎట్లా నోరు పెడ్తమని తోటి కార్మికులే అడ్డం పడ్డరు. యజమాని కాదు, తోటి కార్మికులు! 1928 సమ్మె కాలంలో అంబేద్కర్ ఈ విషయాన్నే సమ్మె నాయకుల ముందర పెట్టిండు. నేత విభాగంలో మా వాళ్లకు హక్కు కావాలె, అది మీ డిమాండ్లలో చేర్చండి అని పట్టుబట్టిండు. కార్మికవర్గ ఐక్యత గురించి ఉపన్యాసం చెప్పేటప్పుడు మనం ఈ నాడెను టేబుల్ మీద పెట్టి మాట్లాడాలె.

నాడెను నోటితో పీల్చుడు రోగాలు అంటిస్తదని అమెరికాలోని మసాచుసెట్స్ 1911లోనే చట్టం చేసి ఆపింది. అక్కడ భయం క్షయది. ఇక్కడ భయం కులానిది. అదే నాడె, అదే దారం, రెండు దేశాల రెండు రోగాలు.

మా మేనమామ సిరిసిల్లకు పనికి పోతే తానులు మోసే పనే దొరికింది. సాంచ నేర్పేటోడు దొరకలేదు. బర్రె తోలు సాంచ లోపల ఉన్నది, బర్రె తోలు ఒలిచినోడు గుమ్మం బయట ఉన్నడు. 2017 నుంచి కొన్నేండ్లు ఇదే సిరిసిల్ల నుంచి బతుకమ్మ చీరలు వచ్చినయి. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు ఇయ్యాల రాష్ట్ర పుష్పం. తంగేడు పువ్వుకు గౌరవం దొరికింది, సంతోషం. తంగేడు చెక్కతోటి లంద నడిపినోళ్లకు ఏం దొరికింది?

7. కరెంటు వచ్చినంక

1983ల ఎన్టీఆర్ ప్రభుత్వం మోటర్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల లెక్క పెట్టింది. ఇంజన్లు పోయి మోటర్లు వచ్చినయి. 2004 మేలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. రైతుకు మేలే. కానీ కరెంటు ఎప్పుడొచ్చేది? అర్ధరాత్రి. పుష్యమాసం రాత్రి రెండు గంటలకు పొలంలకు పోయి స్టార్టర్ వత్తింది ఎవరు? భూమి ఉన్న చిన్న రైతు తను పోయిండు. పెద్ద రైతు జీతగాన్ని పంపిండు. తడి కాళ్లు, మంచుకు తడిసిన స్టార్టర్ డబ్బా, తేలిన వైరు. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫ్యూజు పోతే లైన్‌మన్ వెంట తిరిగే అనధికార హెల్పర్‌ను ఎక్కిచ్చేది. వాడు స్తంభం మీదనే మాడిపోతే ఏ రిజిస్టర్‌ల పేరు లేదు కాబట్టి పరిహారం లేదు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకు ముందు ఎన్ని చలికాలాలు? ఆ చావులను కులం వారీగా లెక్క తీసే పని మీలో ఒకరు పరిశోధనగా చెయ్యాలె.

మోటర్ రావుడు తోటి తోలుకు చివరి దెబ్బ పడ్డది. మోట పోయింది. పట్టాలు రబ్బరువి అయినయి. వాషర్లు నైట్రైల్ అయినయి. పికర్లు ప్లాస్టిక్ అయినయి. చెప్పులు కూడా రబ్బరువే. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా వాడలో ఒక పని పోయింది. పాత యంత్రం పోయినప్పుడు రైతుకు కొత్త యంత్రానికి సబ్సిడీ ఇచ్చిండ్రు. నేతన్నకు, సాలకపోయినా, ఒక పథకం పేరన్నా ఉన్నది. లంద మూతపడ్డ నాడు మాదిగకు ఎవరన్నా కొత్త పని చూపిచ్చిండ్రా?

కులం మనిషిని ఒక పనికి కట్టేసి, ఆ పని పోయినప్పుడు ఇంకో పనిలోకి జరగనియ్యదనీ, దేశంలో నిరుద్యోగానికి అది కూడా ఒక కారణమనీ అంబేద్కర్ 1936లోనే "కుల నిర్మూలన"లో వాదించిండు. ఆయన దాన్ని మాటతోటి ఇడువలేదు. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడైన 1942లోనే, అక్టోబర్‌లో ప్రభుత్వానికి ఇచ్చిన విజ్ఞాపన పత్రంలో ఎస్సీ విద్యార్థులకు సైన్సు, టెక్నాలజీ చదువులకు స్కాలర్‌షిప్పులు అడిగిండు. సర్కారు ప్రెస్సులల్ల, రైల్వే వర్క్‌షాపులల్ల మనోళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకోవాలన్నడు. గుమాస్తా కుర్చీ ఒక్కటే అడగలేదు, యంత్రం ముందర జాగ అడిగిండు. మనం ఆ సంగతి మర్చిపోయి ఆయన చేతిల పుస్తకాన్నే చూస్తున్నం. ఆ పుస్తకం పక్కన ఒక పానా కూడా ఉన్నది.

8. కాబట్టి తమ్మీ

మన వాడ పిల్లలు ఇయ్యాల జగిత్యాలలో, కోరుట్లలో మోటర్ వైండింగ్ షాపులల్ల, బైకు మెకానిక్ షెడ్లల్ల, దుబాయ్ గ్యారేజీలల్ల ఉన్నరు. చేతి పని వచ్చినోళ్లు చాలా మంది. షాపు బోర్డు మీద పేరు ఉన్నోళ్లు తక్కువ. 2024ల రాష్ట్ర ప్రభుత్వం 65 ఐటీఐలను అధునాతన కేంద్రాలుగా మార్చుడు మొదలుపెట్టింది. రోబోలు, సీఎన్‌సీ మిషన్లు వస్తున్నయి. పట్టాతోటి ఇంజన్‌ల దగ్గరికి పోయినట్టే ఈ తరం వాటి దగ్గరికి పోవాలె. ఈసారి బయట నిలబడి పానాలు అందిచ్చుడు గాదు, సీటు తీసుకోవాలె.

మూడు పనులు చెప్త. ఒకటి, మీ ఊళ్లో 60 ఏండ్లు దాటిన వాడ మెకానిక్ దగ్గర కూసొని, ఆయన చలిలో ఇంజన్ ఎట్లా లేపేటోడో అడిగి ఆయన మాటలల్లనే రాసుకోండ్రి. ఆయన భార్యను వేరుగా అడగండ్రి. రెండు, మీ కాలేజీలో అప్రెంటిస్ సీట్లు ఎస్సీలకు ఎన్ని వచ్చినయి, ఎన్ని నింపిండ్రు అని సమాచార హక్కు కింద అడగండ్రి. మూడు, లైన్‌మన్ వెంట తిరిగే హెల్పర్ మీ వాడలో ఉంటే, వాని పేరు రికార్డులకు ఎక్కే దాకా సంఘంగా కొట్లాడండ్రి. చలికాలం వచ్చేముందే ఈ పని కావాలె, శివరాత్రికి చలి పోయినంక ఎవరికీ యాదికి ఉండది.

ఇంజన్‌కు కులం తెలువది తమ్మీ, నువ్వన్నది నిజమే. అందుకే ఇంజన్ మనకు దోస్తు. ఇనుము ఎవరు బిగించినా బిగుసుకుంటది, ఎవరు కాచినా కాగుతది. మనిషి మాత్రమే అది ఎవరి చెయ్యో చూస్తడు. ఆ చూపు మార్చేదాకా పానా కింద పెట్టొద్దు.

వచ్చే భాగంలో లంద గురించి, తంగేడు చెక్క లెక్కల గురించి. మీ ఊరి లంద ఎక్కడ ఉండేదో, ఇప్పుడా జాగ ఎవరి పేరు మీద ఉన్నదో కనుక్కొని పెట్టుండ్రి.

జై భీమ్.